మధ్యధరాలో యాట్: మీరు లేని నెలల్లో దాన్ని ఎక్కడ ఉంచాలి?

ఉద్యోగం, పిల్లల చదువులు ఉన్నవాళ్లు మధ్యధరా సముద్రంలో యాట్ కొన్నా, ఏడాదికి ఓ ఆరేడు వారాలకు మించి దానిమీద గడపలేరు. మిగతా కాలమంతా అది ఏదో ఒక రేవులో ఒంటరిగా ఉంటుంది. అయినా రేవు ఎంచుకునేటప్పుడు అందరి ఆలోచనా ఆ ఆరేడు వారాల మీదే. దీవులు ఎంత దగ్గర, నీళ్లు ఎంత తేట, సాయంత్రం దిగి తినడానికి మంచి చోటుందా అని చూస్తారు. నేను చెప్పేది వేరు. మీరు అక్కడ లేని నెలలకు సరిపడే చోటు ముందు వెతకండి. అందమైన దీవులకు రెండు రోజులు ప్రయాణం చేసైనా చేరుకోవచ్చు. జనవరి గాలివానకు ఒరిగిపోయిన పడవను ఇంట్లో కూర్చుని నిలబెట్టలేం.

ఇది ముఖ్యంగా లండన్‌లోనో, దుబాయ్‌లోనో, జర్మనీలోనో ఉంటూ, ఒక్కరుగా గానీ నలుగురు స్నేహితులు కలిసి గానీ 10 నుంచి 13 మీటర్ల తెరచాప యాట్ కొన్న, కొనబోతున్న మనవాళ్ల కోసం. హుస్సేన్ సాగర్‌లో లేజర్ అనే చిన్న తెరచాప పడవల మీద చాప పట్టడం నేర్చుకుని, ఆ ఇష్టం వదలక పెద్ద పడవదాకా వచ్చినవాళ్లూ వీరిలో ఉంటారు. జీతానికి సిబ్బందిని పెట్టుకునే పెద్ద మోటారు యాట్ల సంగతి ఇక్కడ చెప్పడం లేదు.

## పడవకో గడువు, మనిషికో గడువు

ఖర్చు కంటే, వాతావరణం కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఇక్కడ రెండు వేర్వేరు గడువులు నడుస్తాయి. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు.

మొదటిది పడవది. యజమాని ఐరోపా సమాఖ్య బయట నివసిస్తూ, పడవ కూడా బయటి దేశంలో రిజిస్టరై ఉంటే, దాన్ని వ్యాట్ కట్టకుండా సమాఖ్య జలాల్లో 18 నెలలు ఉంచుకోవచ్చు. ఆ గడువు దాటితే పడవ విలువ మీద వ్యాట్ అడుగుతారు. గ్రీస్‌లో అది 24 శాతం, క్రొయేషియాలో 25, ఇటలీలో 22, స్పెయిన్‌లో 21, ఫ్రాన్స్‌లో 20, మాల్టాలో 18. గడువు తీరకముందే టర్కీకో, అల్బేనియాకో, మాంటెనెగ్రోకో, ట్యునీసియాకో వెళ్లి, అక్కడి రేవులో అడుగుపెట్టినట్టు కాగితం తీసుకుని తిరిగొస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. 2021 జనవరి నుంచి బ్రిటన్‌లో ఉండేవారి పడవలకూ ఇదే వర్తిస్తోంది.

ఇక్కడ లెక్కలోకి వచ్చేది మీ పాస్‌పోర్టు కాదు, మీ కాపురం ఎక్కడన్నది. భారత పాస్‌పోర్టుతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేసుకుంటున్నవారికి ఈ 18 నెలల వెసులుబాటు లేదు. వాళ్లు వ్యాట్ కట్టిన పడవే కొనాలి, ఆ రసీదు పడవలోనే ఉంచుకోవాలి. అదే దుబాయ్‌లో ఉండేవారికి వెసులుబాటు ఉంది.

వ్యాట్ కట్టిన పడవ ఉన్నవాళ్లూ ఒక విషయం గుర్తుంచుకోవాలి. దాన్ని సమాఖ్య బయట, ఉదాహరణకు టర్కీలో, మూడేళ్లకు మించి ఉంచేస్తే తిరిగొచ్చేటప్పుడు మళ్లీ పన్ను కట్టాల్సి రావచ్చు. చవగ్గా ఉందని ఏళ్లకేళ్లు అక్కడే వదిలేసేవారికి ఈ నిబంధన పెద్ద దెబ్బ.

రెండోది మనిషిది. ఒకే వీసాతో తిరగగల షెంగెన్ దేశాల్లో సందర్శకుడిగా ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. 2023 జనవరి 1న క్రొయేషియా కూడా షెంగెన్‌లో చేరింది. అంతకుముందు గ్రీస్‌లోనో ఇటలీలోనో 90 రోజులు ఉండి, మిగతా కాలం క్రొయేషియాలో గడిపే దారి ఉండేది, అది మూసుకుపోయింది. 2025 అక్టోబర్ 12 నుంచి సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి దశలవారీగా మొదలైంది కాబట్టి రోజుల లెక్క ఇక కంప్యూటరే చూసుకుంటుంది. సైప్రస్‌ది ప్రత్యేకమైన స్థితి. అది సమాఖ్యలో ఉంది కానీ షెంగెన్‌లో లేదు. అక్కడ పడవ గడువు నడుస్తూనే ఉంటుంది, మీ 90 రోజులు మాత్రం ఖర్చు కావు.

## నీళ్లలోనా, గట్టుమీదా?

వరుసగా రెండు నెలలకు మించి పడవ దగ్గరికి రాలేనివారికి నా సలహా ఒక్కటే: పడవను పైకెత్తించి గట్టుమీద పెట్టించండి. నీళ్లలో ఉన్న పడవకు అడుగున గొట్టాలున్న చోటల్లా ప్రమాదమే. బ్యాటరీ దిగిపోతే, పడవ అడుగున చేరే నీళ్లు తోడే బిల్జ్ పంపు ఆగిపోతుంది. కట్టుతాళ్లు గట్టు అంచుకు ఒరుసుకుని తెగుతాయి. అడుగంతా నాచు, గుల్లలు పట్టి, మీరు వచ్చిన మొదటి వారం దాన్ని గీకించడంతోనే సరిపోతుంది. గట్టుమీద అయితే పడవను ఎత్తి దింపే ట్రావెల్ లిఫ్ట్‌కు ఏడాదికి రెండుసార్లు డబ్బు కట్టుకోవాలి, కానీ నిశ్చింతగా నిద్రపోవచ్చు. నెలకోసారి వచ్చి నాలుగు రోజులు తిరిగి వెళ్లేవారికి మాత్రం నీళ్లలో బెర్త్ (పడవ కట్టే చోటు) తప్పదు. ప్రతిసారీ దింపి ఎత్తించడం కుదిరే పని కాదు.

గట్టుమీద పెట్టినంత మాత్రాన భద్రం అనుకోకూడదు. యార్డు చూడటానికి వెళ్తే ఆఫీసులో ధరల కాగితం అడిగే ముందు పడవల మధ్య ఓసారి నడవండి. పడవను రెండు పక్కలా నిలబెట్టిన ఇనుప ఊతకర్రలు చూడండి. ఎడమవైపు ఊతాన్ని కుడివైపు ఊతానికి అడుగునుంచి గొలుసుతో బిగించారా, లేక దేనికదే నిలబెట్టారా? ఊతం కింద నేల కాంక్రీటా, కంకరా? కంకర అయితే వానకు మెత్తబడి ఊతం దిగిపోకుండా చెక్క పలక వేశారా? పడవ ముందువైపు తెరచాపను తీసి లోపల పెట్టించారా, చుట్టి అలాగే వదిలేశారా? చుట్టిన చాప గాలికి విడిపోయి కొట్టుకోవడం మొదలైతే పడవంతా ఊగి ఊతాలు వదులవుతాయి. అది పడితే పక్క పడవనూ పడేస్తుంది. అందుకే మీ పడవ చాప తీయించడంతో సరిపోదు, పక్కవాళ్లవీ తీయించే యార్డు కావాలి. పడవ మొత్తాన్ని పట్టే క్రేడిల్ దొరికితే కాస్త ఎక్కువైనా తీసుకోండి.

మధ్యధరాలో ఆటుపోట్లు చాలా తక్కువ కాబట్టి సముద్రం శాంతంగా ఉంటుందని అనిపిస్తుంది. కానీ 2018 అక్టోబర్ 29 రాత్రి ఇటలీలోని రపాల్లో అనే ఊరి రేవులో తుఫాను అలలకు అడ్డుగోడ కూలిపోయి, లోపల కట్టిన వందల యాట్లు దెబ్బతిన్నాయి. 2020 సెప్టెంబర్‌లో ఇయానోస్ అనే తుఫాను కెఫలోనియా, ఇథాకా దీవుల మీదుగా వెళ్లి లంగరేసిన పడవలను ఒడ్డుకు కొట్టింది. అదే ఏడాది అక్టోబర్ 30న సామోస్ దగ్గర భూకంపం వచ్చి, టర్కీ తీరంలో సిగాజిక్ రేవులోకి సునామీ నీళ్లు చొచ్చుకొచ్చాయి. ఏ దేశమూ పూర్తిగా క్షేమం కాదు. కాబట్టి మ్యాపు తీసి ఆ రేవు నోరు ఏ దిక్కుకు తెరుచుకుని ఉంది, చలికాలపు పెద్దగాలి అక్కడ ఏ దిక్కునుంచి వస్తుంది అన్నవి చూసుకోండి.

## గ్రీస్: ప్రెవెజా వైపు, లెరోస్ వైపు

పడమటి వైపు ఐయోనియన్ తీరంలో ప్రెవెజా పట్టణానికి ఎదురుగా ఆక్టియో ఒడ్డున మూడు పెద్ద యార్డులు దగ్గర దగ్గరగా ఉన్నాయి: క్లియోపాత్రా, ఆక్టియో, ఐయోనియన్ మెరైన్. పోటీ ఉండటంతో ధరలు అదుపులో ఉంటాయి. ఒక యార్డులో మెకానిక్ దొరక్కపోతే పక్క యార్డు నుంచి పిలవచ్చు. విమానాశ్రయం దాదాపు యార్డు గేటు పక్కనే. కిందికి దింపితే లెఫ్కాదా, ఇథాకా, కెఫలోనియా అన్నీ అందుబాటులోనే. వేసవిలో తూర్పున ఈజియన్ సముద్రాన్ని ఊపేసే మెల్తెమి గాలి ఇక్కడ ఉండదు. మధ్యాహ్నం లేచి సాయంత్రానికి తగ్గే వాయవ్య గాలి పిల్లలున్న కుటుంబాలకు హాయిగా ఉంటుంది.

ఇబ్బంది చలికాలంలోనే. ఆ విమానాశ్రయానికి వచ్చే విదేశీ విమానాలన్నీ ప్రధానంగా వేసవివి. జనవరిలో అర్జెంటుగా వెళ్లాలంటే ఏథెన్స్‌లో దిగి రియో–అంతిరియో వంతెన దాటి నాలుగైదు గంటలు కారులో వెళ్లాలి. 2017లో ఐయోనియా మోటార్‌వే పూర్తయ్యాక ఈ దారి చాలా నయం. రెండోది వాన. గ్రీస్‌లో పడమటి వైపు వానలు తూర్పు కంటే బాగా ఎక్కువ. తేమ తీసే యంత్రం పెట్టి, దాని నీళ్లు సింకులోకి పోయేలా గొట్టం అమర్చకపోతే పరుపులకు బూజు పట్టేస్తుంది. 7 మీటర్లు దాటిన పడవలకు గ్రీస్‌లో ప్రత్యేక విహార రుసుము కూడా ఉంది. పడవ గడువు లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేలా చేసుకోవడానికి కోర్ఫు దీవి ఎదురుగా ఉన్న అల్బేనియా రేవు సరాండా సరిపోతుంది.

ఈజియన్‌లో లెరోస్ దీవి మంచి ప్రత్యామ్నాయం. లక్కి అఖాతం బాగా లోపలికి ఉంటుంది, పార్థేనిలో మంచి యార్డు ఉంది, టర్కీ తీరం దగ్గర. చేరడం మాత్రం చిన్న విమానంలో, లేదా పిరేయస్ నుంచి రాత్రి ఫెర్రీలో. తీరిక ఉన్నవారికే ఇది.

## టర్కీ: మర్మరిస్ నుంచి ఫినికే దాకా

ఇక్కడ రెండు గడువులూ ఆగుతాయి. సమాఖ్యా కాదు, షెంగెనూ కాదు. విదేశీ పడవను లైసెన్స్ ఉన్న మరీనాలో (యాట్ల రేవులో) ఏళ్ల తరబడి ఉంచుకోవచ్చు. మర్మరిస్ అఖాతం చుట్టూ కొండలతో దాదాపు మూసుకుని ఉంటుంది. అక్కడి గట్టు యార్డు ఈ సముద్రంలోనే పెద్దవాటిలో ఒకటి. పనివాళ్ల నైపుణ్యం టర్కీకి అసలు బలం. స్టీలు పని, గుడ్డ పని, టేకు పని చేయించాలంటే నేను ముందు ఇక్కడే చూస్తాను. ఫినికేలో చలికాలం పడవల్లోనే కాపురముండేవాళ్లు ఎక్కువ. అంటే మీ పడవ కవరు చిరిగినా, తాడు వదులైనా చూసే కళ్లుంటాయి. కాష్ నుంచి గ్రీకు దీవి కాస్టెలోరిజో కంటికి కనిపించే దూరంలో ఉంటుంది.

ధర విషయంలో పాత మాటలు నమ్మకండి. టర్కీ చవక అన్న పేరు ద్రవ్యోల్బణంతో పోయింది. కొన్నిచోట్ల ఇప్పుడు గ్రీస్ కంటే ఎక్కువ అడుగుతున్నారు. ఒప్పందం యూరోల్లోనా లీరాల్లోనా, వచ్చే ఏడు పెంపుకు హద్దు ఉందా అన్నది రాతలో తీసుకోండి. రాకపోకలకు ట్రాన్సిట్ లాగ్ అనే పత్రం, సాధారణంగా దానికో ఏజెంటు కావాలి. వేసవిలో సైక్లేడ్స్ దీవులకు పోవాలంటే మెల్తెమికి ఎదురుగా వెళ్లాలి, అలసట ఉంటుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి బ్రిటన్, అమెరికా లేదా షెంగెన్ వీసా చెల్లుబాటులో ఉంటే టర్కీ ఇ-వీసా సులువు.

## క్రొయేషియా, మాంటెనెగ్రో

క్రొయేషియాలో అన్నీ చక్కగా నడుస్తాయి, అన్నింటికీ ధర ఉంటుంది. 1983లో మొదలైన ఏసీఐ సంస్థ ఒక్కదానికే తీరం పొడవునా ఇరవైకి పైగా మరీనాలున్నాయి. స్ప్లిట్ విమానాశ్రయం పక్కనే కాష్టెలా, జాదర్ దగ్గర సుకోషాన్ పెద్ద కేంద్రాలు. చలికాలంలో వీచే బోరా గాలి పొడిగా ఉండటంతో పడవ లోపల బూజు తక్కువ. కానీ అదే బోరా ఉత్తరాన సెన్య్ ఊరు, వెలెబిట్ కొండల పక్కన భయంకరమైన వేగంతో కొండల మీదినుంచి దిగుతుంది. కాబట్టి ఉత్తరాన కాకుండా షిబెనిక్ నుంచి స్ప్లిట్ మధ్యలో చూడమంటాను. శనివారాలు చార్టర్ (అద్దె) పడవలు చేతులు మారే రోజు; ఆ రోజు మీ పనికి ఎవరూ దొరకరు.

మాంటెనెగ్రోలో టివాట్ దగ్గర పాత నౌకాదళ కర్మాగారాన్ని పోర్టో మాంటెనెగ్రోగా మార్చారు. విమానాశ్రయం కొద్ది నిమిషాల దూరం, రెండు గడువులూ ఆగుతాయి, డబ్బు యూరోల్లోనే. అది పెద్ద యాట్ల కోసం కట్టినది, ధరలూ అలాగే ఉంటాయి. కోటార్ అఖాతం పైన కొండల్లోని త్సర్క్వీచె ఐరోపాలోకెల్లా ఎక్కువ వాన పడే చోటుగా పేరుపొందింది. కింద అఖాతంలోనూ ఆ తేమ తెలుస్తుంది. గడువు మార్చుకోవడానికి ఆగే చోటుగా బాగుంటుంది. చిన్న పడవను ఏడాదంతా ఉంచడానికి నేనైతే ఎంచుకోను.

## సిసిలీ, మాల్టా, ట్యునీసియా

సముద్రానికి నట్టనడుమ ఉండటం వీటి లాభం. ఒక ఏడు గ్రీస్, మరో ఏడు సార్డీనియా వెళ్లొచ్చు. సిసిలీ దక్షిణ తీరంలో మరీనా ది రగూసా, లికాటా రెండూ చలికాలం నీళ్లలో ఉండేవాళ్లతో నిండి ఉంటాయి. కొమీసో చిన్న విమానాశ్రయం దగ్గర, కతానియా పెద్దది కాస్త దూరం. సిరొక్కో గాలి వీచినప్పుడు సహారా ఎర్రమట్టి పడవంతా పరుచుకుంటుంది. మాల్టాలో ఇంగ్లిష్ నడుస్తుంది, ఏడాది పొడవునా విమానాలున్నాయి; చోటు మాత్రం ఇరుకు, ఈశాన్యం నుంచి వచ్చే గ్రెగాలె గాలికి రేవులు ఇబ్బంది పడతాయి.

ట్యునీసియాలో మోనాస్టిర్, యాస్మిన్ హమ్మామెత్ చవక, రెండు గడువుల బయట. మోనాస్టిర్‌కు విమానాశ్రయం దగ్గరే. విడిభాగాలు తెప్పించుకోవడం కష్టం, కస్టమ్స్ ఓపిక పరీక్షిస్తుంది. కొన్ని బీమా పాలసీలు ఉత్తరాఫ్రికా తీరాన్ని మినహాయిస్తాయి. మీదాంట్లో ఏముందో చూడకుండా అక్కడికి బయల్దేరకండి.

## పడమటి వైపు: కార్టహేనా, పోర్ట్ నెపోలియన్

స్పెయిన్‌లోని కార్టహేనా కొండల నడుమ సహజమైన రేవు. రోమన్ల కాలం నుంచీ దాని విలువ అదే. చలి తక్కువ, వాన తక్కువ, ఊరు పన్నెండు నెలలూ సందడిగా ఉంటుంది. బాలియారిక్ దీవుల్లో బెర్త్ అద్దె కట్టే బదులు ఇక్కడ ఉంచి వేసవిలో దీవులకు వెళ్లడం తెలివైన పని. స్పెయిన్‌లో ఏడాదిలో 183 రోజులు దాటి ఉండేవారికి పన్నులు మారిపోతాయి.

ఫ్రాన్స్‌లో రోన్ నది ముఖం దగ్గర పోర్ట్ నెపోలియన్‌లో గట్టు స్థలం విశాలం. ఉత్తర ఐరోపా నుంచి కాలువల మీదుగా వచ్చే పడవలు దించిన తెరచాప కొయ్యను ఈ ప్రాంతంలోనే మళ్లీ నిలబెట్టించుకుంటాయి. మార్సెయ్ విమానాశ్రయం గంట లోపు. మిస్ట్రాల్ గాలి గట్టిది, దోమలు మరీ గట్టివి.

## ఒక్క చూపులో

ఖర్చు వరస నా అంచనా. పడవ పొడవు, యార్డును బట్టి మారుతుంది.

| చోటు | పడవ 18 నెలల గడువు | మనిషి 90 రోజులు | గట్టు యార్డు | చలికాలంలో చేరడం | ఖర్చు |
|---|---|---|---|---|---|
| ప్రెవెజా | నడుస్తుంది | నడుస్తాయి | చాలా బాగుంది | ఏథెన్స్ నుంచి రోడ్డు | మధ్యస్థం |
| లెరోస్ | నడుస్తుంది | నడుస్తాయి | బాగుంది | కష్టం | మధ్యస్థం |
| మర్మరిస్ | ఆగుతుంది | ఆగుతాయి | చాలా బాగుంది | ఇస్తాంబుల్ మీదుగా దలమాన్ విమానాశ్రయం | పెరుగుతోంది |
| స్ప్లిట్ పరిసరాలు | నడుస్తుంది | నడుస్తాయి | బాగుంది | ఫర్వాలేదు | ఎక్కువ |
| టివాట్ | ఆగుతుంది | ఆగుతాయి | చిన్న పడవలకు అనువు తక్కువ | ఫర్వాలేదు | చాలా ఎక్కువ |
| రగూసా, లికాటా | నడుస్తుంది | నడుస్తాయి | నీళ్లలోనే మేలు | సులువు | మధ్యస్థం |
| మోనాస్టిర్ | ఆగుతుంది | ఆగుతాయి | ఓ మోస్తరు | ఫర్వాలేదు | తక్కువ |
| కార్టహేనా | నడుస్తుంది | నడుస్తాయి | బాగుంది | సులువు | మధ్యస్థం |
| పోర్ట్ నెపోలియన్ | నడుస్తుంది | నడుస్తాయి | చాలా బాగుంది | సులువు | మధ్యస్థం |

## ఎవరికి ఏది

బ్రిటన్‌లో ఉంటూ పిల్లల వేసవి సెలవుల్లో మాత్రమే వెళ్లేవారికి ప్రెవెజా. వేరే ఆలోచనే వద్దు. విమానం దిగి నడిచి పడవ ఎక్కొచ్చు, చలికాలంలో వెళ్లాల్సిన పని ఉండదు, 90 రోజులు మీకు ఎప్పటికీ నిండవు.

దుబాయ్‌లో ఉంటూ అక్టోబర్‌లో, ఏప్రిల్‌లో విడివిడిగా వెళ్లేవారికి మర్మరిస్ లేదా ఫినికే. ఇస్తాంబుల్‌కు నేరుగా విమానం, వ్యాట్ గొడవ లేదు, టర్కీలోనే తిరిగితే 90 రోజుల లెక్కా లేదు. షెంగెన్ వీసా ఉంటే ఏడాదిలో ఓసారి గ్రీస్‌కు చెందిన దోదెకనీస్ దీవులు చుట్టి రావచ్చు.

జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో కాపురముండి వ్యాట్ కట్టిన పడవ ఉన్నవారికి పడవ గడువు బాధ లేదు కాబట్టి దూరం, ధర చూసుకుంటే చాలు. నెలకోసారి వారాంతం వెళ్లాలంటే స్ప్లిట్ పరిసరాల్లో నీళ్లలో బెర్త్. ఏడాదికి ఒకసారే అయితే పోర్ట్ నెపోలియన్ గట్టు.

పదవీ విరమణ తర్వాత ఆరేడు నెలలు పడవమీదే ఉండాలనుకునేవారికి చిక్కంతా 90 రోజులతోనే. వాళ్లు వసంతంలో గ్రీస్, మిట్టవేసవి టర్కీ, మళ్లీ శరత్తులో గ్రీస్ అని పంచుకుని, పడవను టర్కీలో ఎత్తించడం మేలు. అక్కడ కాకుండా రగూసాలో చలికాలం గడపాలంటే ఇటలీ దీర్ఘకాల వీసా ముందే సంపాదించుకోవాలి.

నలుగురు కలిసి కొన్నవారికి మరో మాట. వాటాదారుల్లో ఒక్కరు సమాఖ్యలో నివసిస్తున్నా 18 నెలల వెసులుబాటు చిక్కుల్లో పడుతుంది. ఎవరి పేరున రిజిస్టర్ చేయాలి, ఎవరు నడపాలి అన్నది పడవ కొనే ముందే కస్టమ్స్ తెలిసిన లాయరుతో మాట్లాడండి.

## ఒప్పందం ముందు

బోర్డు మీద రాసిన అద్దె అసలు ఖర్చు కాదు. ఎత్తడం, దింపడం, అడుగు కడగడం, ఊతాల అద్దె, కరెంటు మీటరు, వ్యాట్ అన్నీ కలిపి ఎంతో ఒకే కాగితం మీద అడగండి. కేటమరాన్ (జంట అడుగుల పడవ) అయితే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు అడుగుతారు. గట్టుమీద మీ పని మీరే చేసుకోనిస్తారా, బయటి మెకానిక్‌ను తెచ్చుకోనిస్తారా, పడవలో పడుకోనిస్తారా అన్నది యార్డుకో రకం.

యార్డు కాపలాదారు గేటు దగ్గర ఉంటాడు. అతను మీ పడవ ఎక్కి చూడడు. నెలకోసారి ఎక్కి, కవరు బిగించి, బ్యాటరీ చూసి, లోపల తలుపులు తెరిచి గాలాడించి, నాలుగు ఫొటోలు పంపే మనిషి విడిగా కావాలి. అలాంటి మనిషి దొరికే ఊరికి నేను మిగతా అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేస్తాను. ప్రెవెజా, మర్మరిస్, ఫినికే ముందు వరసలో ఉండటానికి అదీ ఒక కారణం.

వీలైతే ఫిబ్రవరిలో ఒక్కసారి వెళ్లి చూడండి. జూన్‌లో ప్రతి మరీనా బాగానే ఉంటుంది. ఫిబ్రవరిలో వాన తర్వాత నేల ఎంత మెత్తబడింది, ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్లున్నారా, తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి అన్నీ తెలుస్తాయి. సంతకం పెట్టే ముందు యార్డు పేరు, ఎత్తే తేదీ, క్రేడిల్‌లోనా ఊతాల మీదా, తెరచాప కొయ్య నిలబెట్టా దించా అన్న వివరాలు బీమా కంపెనీకి రాసి, ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకోండి. చలికాలం ఎక్కడ, ఎలా ఉంచాలో చాలా పాలసీల్లో షరతులుంటాయి. ఆ జవాబు రాకముందు అడ్వాన్సు పంపవద్దు.